మీడియావికీకి ప్యాచ్ పంపాలి: విండోస్‌లో డాకర్ సెటప్ తేలడం లేదు

పాలపిట్ట:
నమస్కారమండీ. తెలుగు వికీపీడియాను నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌లో చిన్న బగ్‌లు సరిచేద్దామని ఉంది. విండోస్ 11, 8 జీబీ ర్యామ్. డబ్ల్యూఎస్ఎల్2లో (విండోస్ లోపల లినక్స్ నడిపే ఏర్పాటు) ఉబుంటు ఉంది, డాకర్ డెస్క్‌టాప్ (ప్రోగ్రాములను కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపేది) ఉంది. విండోస్ గిట్‌తో గెరిట్ (వికీమీడియా కోడ్ రివ్యూ సైటు) నుంచి కోర్ (మీడియావికీ ముఖ్య కోడ్) క్లోన్ చేసి సీ డ్రైవ్‌లో డాక్యుమెంట్స్ కింద పెట్టాను. కంటైనర్లు లేస్తున్నాయి, ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ కూడా పూర్తయింది. కానీ ఒక్కో పేజీ తెరుచుకోవడానికి అర నిమిషం పడుతోంది. ఉబుంటులో గిట్ స్టేటస్ కొడితే నేను ముట్టుకోని ఫైళ్లు వేలకొద్దీ మారినట్టు చూపిస్తోంది. మొదటి పేజీలో రంగూ రూపూ లేదు, స్కిన్ (పేజీకి రూపాన్నిచ్చే భాగం) దొరకలేదన్న సందేశం ఒక్కటే వస్తోంది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

తంగేడు:
మొదటి రెండింటికీ మూలం ఒకటే: ఫోల్డర్ ఉన్న చోటు. డబ్ల్యూఎస్ఎల్2 నిజానికి వేరే లినక్స్ యంత్రం. అక్కడి నుంచి సీ డ్రైవ్ ఫైలు చదవాలంటే ప్రతిసారీ సరిహద్దు దాటాలి. మీడియావికీ ఒక్క పేజీ చూపడానికి వందలాది పీహెచ్‌పీ ఫైళ్లు తెరుస్తుంది కాబట్టి ఆ ఆలస్యమంతా పోగుపడుతుంది. ర్యామ్ పెంచినా ఇది తగ్గదు.

ఇక గిట్ స్టేటస్ సంగతి. విండోస్ గిట్ మామూలుగా క్లోన్ చేసేటప్పుడు వరుస చివరి గుర్తును విండోస్ పద్ధతికి మారుస్తుంది. అదే ఫోల్డర్‌ను ఉబుంటు గిట్ చూస్తే ప్రతి ఫైలూ మారినట్టే కనిపిస్తుంది. అలాగే కమిట్ చేస్తే రెండు వరుసల మార్పు రెండు వేల వరుసల డిఫ్ (మార్పుల జాబితా) అవుతుంది, రివ్యూ చేసేవాళ్లు తెరిచి మూసేస్తారు.

ఉన్నదాన్ని బాగుచేయాలని చూడకండి. ఆ ఫోల్డర్ తీసేసి, ఉబుంటు టెర్మినల్‌లో మీ హోమ్ డైరెక్టరీలోకి వెళ్లి, ఉబుంటు గిట్‌తోనే మళ్లీ క్లోన్ చేయండి. కోర్ చరిత్ర చాలా పెద్దది. నెట్ నెమ్మదైతే ‘డెప్త్ 1’ పెట్టి తెచ్చుకోండి, తర్వాత తీరిక చూసుకుని ‘గిట్ ఫెచ్ అన్‌షాలో’ కొట్టి మిగతాది దింపుకోవచ్చు. వీఎస్ కోడ్ వాడుతుంటే డబ్ల్యూఎస్ఎల్ ఎక్స్‌టెన్షన్ వేసుకుని ఆ ఫోల్డర్‌ను అక్కడి నుంచే తెరవండి.

నల్లరేగడి:
తంగేడు గారు చెప్పినట్టు క్లోన్ చేశాక, కంటైనర్లు లేపేముందే ఒక పని ఉంది. చాలామంది దీన్ని వదిలేస్తారు. డాట్ ఈఎన్‌వీ ఫైల్లో మీ యూజర్ ఐడీ, గ్రూప్ ఐడీ రాయాలి. ‘ఐడీ డ్యాష్ యూ’, ‘ఐడీ డ్యాష్ జీ’ కొడితే తెలుస్తాయి, ఉబుంటులో మొదటి యూజర్‌కు రెండూ 1000 ఉంటాయి. డాకర్ కంపోజ్ ఓవర్‌రైడ్ ఫైలు ఒకటి చేసి, మీడియావికీ సర్వీసు ఆ ఐడీలతోనే నడవాలని అందులో చెప్పండి. రాయాల్సిన వరుసలు కోర్‌లోనే ఉన్న డెవలపర్స్ డాట్ ఎండీ ఫైల్లో ఉన్నాయి, యథాతథంగా కాపీ చేసుకోండి. ఇది చేయకపోతే కంటైనర్ లోపల పుట్టిన వెండర్ ఫోల్డర్ రూట్ పేరు మీద ఉండిపోతుంది. రేపు కంపోజర్‌ను (పీహెచ్‌పీ లైబ్రరీలను తెచ్చి వెండర్‌లో పెట్టే పనిముట్టు) బయట నుంచి నడిపితే ‘పర్మిషన్ డినైడ్’ అంటుంది.

తర్వాత ఈ వరుసలో వెళ్లండి: కంపోజ్ అప్, కంటైనర్ లోపల కంపోజర్ అప్‌డేట్, ఆపై ఇన్‌స్టాల్ స్క్రిప్ట్. కంపోజర్‌ను దాటేసి ఇన్‌స్టాల్‌కు పోతే డిపెండెన్సీలు లేవని ఆగిపోతుంది. అన్నీ కుదిరితే లోకల్‌హోస్ట్ 8080లో వికీ కనిపిస్తుంది.

స్కిన్ సంగతి: అది మీ లోపం కాదు. కోర్ రిపాజిటరీలో స్కిన్లు ఉండవు. వెక్టర్ అనే స్కిన్‌ను గెరిట్ నుంచి విడిగా తెచ్చి స్కిన్స్ ఫోల్డర్‌లో పెట్టాలి. ఫోల్డర్ పేరులో మొదటి అక్షరం క్యాపిటల్ వీ ఉండాలి, లినక్స్ ఆ తేడా పట్టించుకుంటుంది. చివరగా లోకల్‌సెట్టింగ్స్ ఫైల్లో దాన్ని లోడ్ చేసే వరుస రాయండి.

8 జీబీ మెషీన్‌లో డబ్ల్యూఎస్ఎల్‌కు హద్దు పెట్టడం మంచిది. విండోస్‌లో మీ యూజర్ ఫోల్డర్ కింద డాట్ డబ్ల్యూఎస్ఎల్‌కాన్ఫిగ్ ఫైలు చేసి, అందులో మెమరీ 4 జీబీ అని రాసి, ‘డబ్ల్యూఎస్ఎల్ షట్‌డౌన్’ కొట్టండి. డేటాబేస్ ఎలాగూ ఎస్‌క్యూలైటే కాబట్టి 4 జీబీ సరిపోతుంది.

పాలపిట్ట:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండీ. పేజీ ఇప్పుడు వెంటనే వస్తోంది, వెక్టర్ కూడా కనిపిస్తోంది. ఒక చిన్న మార్పు చేసి గిట్ పుష్ కొడితే ‘మిస్సింగ్ చేంజ్ ఐడీ’ అని గెరిట్ వెనక్కి పంపింది. ఇంకోటి: ఒక తెలుగు సందేశంలో అచ్చుతప్పు ఉంది, తెలుగు సందేశాలుండే టీఈ డాట్ జేసన్ ఫైల్లో దిద్దేయనా?

తంగేడు:
గెరిట్ గిట్‌హబ్ లాంటిది కాదు. ఇక్కడ పుల్ రిక్వెస్ట్ ఉండదు, ఒక్కో కమిట్ ఒక్కో రివ్యూ. ఆ రివ్యూను గుర్తుపట్టేది కమిట్ సందేశం అడుగున ఉండే చేంజ్ ఐడీ. దాన్ని రాసేది కమిట్ మెసేజ్ హుక్ అనే చిన్న స్క్రిప్ట్. గిట్ రివ్యూ అనే పనిముట్టు ఇన్‌స్టాల్ చేసి, రిపాజిటరీలో ఒకసారి ‘గిట్ రివ్యూ డ్యాష్ ఎస్’ కొడితే హుక్ వచ్చి కూర్చుంటుంది. ఆ తర్వాత ‘కమిట్ అమెండ్’ (ఉన్న కమిట్‌నే సవరించడం) చేయండి, ఐడీ చేరుతుంది. పంపడానికి ‘గిట్ రివ్యూ’ చాలు.

రివ్యూలో సవరణలు అడిగితే కొత్త కమిట్ వేయొద్దు. మళ్లీ అమెండ్ చేసి పంపాలి, చేంజ్ ఐడీని చెరపకూడదు. చెరిపితే అది కొత్త రివ్యూ అయిపోతుంది, పాత చర్చ అంతా అక్కడే ఉండిపోతుంది. ఫాబ్రికేటర్‌లో (వికీమీడియా బగ్‌లు నమోదయ్యే సైటు) టాస్క్ ఉంటే అడుగున ‘బగ్’ వరుసలో ఆ నంబరు ఇవ్వండి. ‘గుడ్ ఫస్ట్ టాస్క్’ ట్యాగ్ ఉన్నవాటిలో వెతికితే మొదటి ప్యాచ్‌కు తగినవి దొరుకుతాయి.

కాలేజీ, ఆఫీసు నెట్‌వర్కుల్లో ఎస్‌ఎస్‌హెచ్ 29418 పోర్టు మూసి ఉండొచ్చు. పుష్ ఏమీ అనకుండా వేలాడుతుంటే, ఎస్‌ఎస్‌హెచ్ కీని అనుమానించే ముందు మొబైల్ హాట్‌స్పాట్‌తో ప్రయత్నించి చూడండి.

చింతచిగురు:
టీఈ డాట్ జేసన్‌ను ముట్టుకోకండి. అనువాదాలు ట్రాన్స్‌లేట్‌వికీ డాట్ నెట్ నుంచి వస్తాయి. ఫైల్లో చేతితో దిద్దినది తర్వాతి ఎగుమతిలో కొట్టుకుపోతుంది. కోడ్‌లో కొత్త సందేశం చేర్చేవాళ్లు రాయాల్సింది ఇంగ్లీషు ఫైలూ, అనువాదకులకు సందర్భం చెప్పే క్యూక్యూక్యూ ఫైలూ మాత్రమే. క్యూక్యూక్యూలో వివరం పెట్టకపోతే ఆ సందేశం క్రియో నామవాచకమో తెలియక తెలుగులో తప్పులు పడేది ఇక్కడే.

ఏ సందేశమో కనుక్కోవడానికి పేజీ చిరునామా చివర ‘యూజ్‌ల్యాంగ్’ విలువగా క్యూక్యూఎక్స్ ఇవ్వండి. ‘ఇటీవలి మార్పులు’ ఉన్న చోట బ్రాకెట్లలో రీసెంట్‌చేంజెస్ అని దాని కీ కనిపిస్తుంది. ఆ కీని ట్రాన్స్‌లేట్‌వికీలో వెతికి అక్కడ దిద్దండి. అచ్చుతప్పుకు డాకర్ కూడా అక్కర్లేదు.

తెలుగులో పరీక్షించేటప్పుడు ఒక తేడా గమనించండి. ‘యూజ్‌ల్యాంగ్’ టీఈ అని ఇస్తే బటన్లు, సందేశాలు తెలుగవుతాయి కానీ వాడుకరి, మూస, వర్గం లాంటి పేరుబరులు (పేజీ పేరు ముందు వచ్చే విభాగాల పేర్లు) మారవు. అవి వికీ సొంత భాషను బట్టి వస్తాయి. పేరుబరులకు సంబంధించిన బగ్ అయితే లోకల్‌సెట్టింగ్స్‌లో లాంగ్వేజ్ కోడ్ టీఈ పెట్టి చూడాలి.

నల్లరేగడి:
ఇంకొక్క మాట. పంపేముందు కంటైనర్ లోపల ‘కంపోజర్ టెస్ట్’, మీరు మార్చిన భాగానికి పీహెచ్‌పీయూనిట్ పరీక్షలు నడపండి. మీడియావికీ శైలిలో ఇండెంట్‌కు ట్యాబ్, కుండలీకరణాల లోపల ఇరుపక్కలా ఖాళీ ఉండాలి. ‘కంపోజర్ ఫిక్స్’ చాలావరకు తనే సర్దుతుంది. కొన్నాళ్ల తర్వాత గిట్ పుల్ చేసినప్పుడు వికీ ఖాళీ తెల్ల పేజీ చూపిస్తే కంగారు పడొద్దు. కంపోజర్ అప్‌డేట్, ఆపై మెయింటెనెన్స్ కింద ఉన్న అప్‌డేట్ స్క్రిప్ట్ నడపండి. వెండర్ పాతబడటమో, డేటాబేస్ పట్టికలు మారడమో, ఎక్కువసార్లు కారణం ఈ రెండిట్లో ఒకటే.