అప్‌డేట్: రోజువారీ సంతోషం గురించి అడిగాను కదా, మూడు వారాల తర్వాత

ప్రార్థన, చర్చి అన్నీ మామూలుగానే సాగుతున్నా రోజులో సంతోషమే కనిపించడం లేదని, విశ్వాసం తగ్గిందేమోనని అప్పుడు అడిగాను. రోజుకో చిన్న సంతోషం రాసుకుని, దాన్ని ఒక్కరికైనా చెప్పమని ఒకరు సలహా ఇచ్చారు.

మొదటి నాలుగు రోజులు పేజీ ఖాళీ. నిజం చెప్పాలంటే చిరాకేసింది. ఐదో రోజు నాన్న కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతికారు. మంచం కింద కూడా వంగి చూశారు. దొరికాక ఆయనే పడీపడీ నవ్వారు. బైబిల్లో లూకా సువార్త 15వ అధ్యాయంలో నాణెం పోగొట్టుకున్న స్త్రీ గుర్తొచ్చింది. దీపం వెలిగించి, ఇల్లు ఊడ్చి వెతికి, దొరగ్గానే ఇరుగుపొరుగును పిలుస్తుంది. ఆ పిలవడం దగ్గర నేనెప్పుడూ ఆగి ఆలోచించలేదు. వెంటనే అక్కకి ఫోన్ చేసి చెప్పాను. ఉద్యోగం పోయాక అక్క అంతలా నవ్వడం అదే మొదటిసారి.

ఒక తప్పూ చేశాను. తల్లిని పోగొట్టుకున్న స్నేహితురాలికి ఇలాంటిదే ఏదో ఉత్సాహంగా చెప్పాను. ఆమె ఏమీ మాట్లాడలేదు. బైబిల్లోనే రోమా పత్రిక 12:15లో సంతోషించేవారితో సంతోషించమన్న అపొస్తలుడు పౌలు, ఏడ్చేవారితో ఏడవమనీ అక్కడే అన్నాడు. నేను సగమే చదువుకున్నాను! మర్నాడు వెళ్లి ఊరికే పక్కన కూర్చున్నాను.

టెన్షన్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. పౌలు ఆనందించమని ఫిలిప్పీ సంఘానికి ఉత్తరం రాసింది కూడా ఖైదులో ఉండగానేగా. నిన్నటి పేజీలో మాత్రం మూడు లైన్లున్నాయి. ఒకటి అక్క చెప్పింది.