టెక్సస్ లాంగ్‌హార్న్స్ 2025: నంబర్ వన్ సరే, ముందు వరుస నిలబడుతుందా?

బెజవాడ_బర్న్ట్‌ఆరెంజ్ (రౌండ్ రాక్), ఆగస్టు 12

నిన్న అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ జట్లకి అసోసియేటెడ్ ప్రెస్ ర్యాంకింగ్ వచ్చింది. సీజన్ మొదలవకముందే మన టెక్సస్ యూనివర్సిటీ (యూటీ) జట్టు లాంగ్‌హార్న్స్ నంబర్ వన్. యూనివర్సిటీ చరిత్రలో సీజన్ ముందు లిస్టులో మనం పైన ఉండటం ఇదే మొదటిసారి. మొదటి స్థానానికి మనకు 25 ఓట్లు పడితే, రెండో స్థానంలో ఉన్న పెన్ స్టేట్‌కి 23 పడ్డాయి. తేడా వెంట్రుకవాసి.

ఆఫీసులో పొద్దున్నుంచీ ఇదే మాట. నాకు మాత్రం సంతోషం కన్నా టెన్షన్ ఎక్కువగా ఉంది. ఆగస్టు 30న మొదటి మ్యాచే కొలంబస్‌లో, అదీ డిఫెండింగ్ ఛాంపియన్ ఒహాయో స్టేట్‌తో. పాసులు విసిరి ఆట నడిపించే మన క్వార్టర్‌బ్యాక్ క్విన్ ఎవర్స్ ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌కి వెళ్లిపోయాడు. ఇక టీమ్ ఆర్చ్ మ్యానింగ్ చేతుల్లో ఉంది.

టీవీ వాళ్లు చెప్పేది అందరం వింటూనే ఉన్నాం, అది ఇక్కడ వద్దు. మీరు స్వయంగా స్టేడియంలో చూసింది, మీకు తట్టింది రాయండి. ఈసారి మనవాళ్లు ఎంతదూరం వెళ్తారు? దెబ్బ తగిలితే ఎక్కడ తగులుతుంది?

ప్లేనో_పెద్దన్న

జనవరి 10న ఆర్లింగ్టన్‌లో జరిగిన సెమీఫైనల్‌కి నేనూ మా అబ్బాయీ వెళ్లాం. దాని గురించి ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు, రాయబుద్ధి కాలేదు. ఈరోజు రాస్తా.

ఒహాయో 21, మనం 14. చివరి నిమిషాలు. బంతి గోల్ లైన్‌కి ఒక్క గజం దూరంలో ఉంది. దాన్ని దాటించడానికి మనకి నాలుగు డౌన్లు, అంటే నాలుగు ప్రయత్నాలు. మావాడు నా భుజం పట్టుకుని నిలబడ్డాడు, వాడి చేతులు చల్లగా ఉన్నాయి. మొదటి డౌన్‌లో మధ్యలోంచి తోశారు, కదల్లేదు. రెండో డౌన్‌లో బంతితో పరుగెత్తే మన రన్నింగ్ బ్యాక్ విజ్నర్‌కి పక్కకి విసిరారు, ముందుకు పోవాల్సింది ఏడు గజాలు వెనక్కి పోయింది. మూడో డౌన్ పాస్ ఎవరికీ అందలేదు. నాలుగో డౌన్‌లో ఒహాయో డిఫెండర్ జాక్ సాయర్ వచ్చి ఎవర్స్ చేతిలోంచి బంతి ఊడగొట్టి, దాన్నే పట్టుకుని 83 గజాలు పరుగెత్తాడు. 28-14. మా వరుసలో ఉన్న పెద్దాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

అందరూ ఆ నాలుగో డౌన్ గురించే మాట్లాడతారు. నాకు గుచ్చుకున్నది మొదటి డౌన్. ఒక్కటంటే ఒక్క గజం నెట్టలేకపోయాం. అప్పుడు చేతగానిది ఇప్పుడు చేతనవుతుందా అన్నదే నా ప్రశ్న. ఎందుకంటే గత ఏడాది రెగ్యులర్‌గా ఆడిన ముందు వరుసలో (ఎదుటివాళ్లని ఆపి క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే ఆఫెన్సివ్ లైన్‌లో) ఐదుగురికి నలుగురు వెళ్లిపోయారు. కెల్విన్ బ్యాంక్స్‌ని ఎన్ఎఫ్ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో తొమ్మిదో స్థానంలో న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ తీసుకుంది. జేక్ మేజర్స్, హేడెన్ కానర్, క్యామెరాన్ విలియమ్స్ కూడా లేరు. మిగిలింది డీజే క్యాంప్‌బెల్ ఒక్కడే. ఆర్చ్ ఎంత మొనగాడైనా, వెనక్కి అడుగేసి చూసుకోవడానికి మూడు సెకన్లు ఎవరో ఒకరు ఇవ్వాలి కదా.

గుంటూరు_గార్డ్ (కేటీ)

పెద్దన్న గారూ, సరైన చోట వేలు పెట్టారు.

మావాడు ఇక్కడ హైస్కూల్ టీమ్‌లో గార్డ్‌గా, అంటే ఆ ముందు వరుసలోనే ఆడతాడు. మూడేళ్లుగా ప్రాక్టీసుకి దింపుతూ, ఫెన్స్ పక్కన నిలబడి చూస్తూ నేను నేర్చుకున్నది ఇదే. లైన్‌లో బలం కన్నా ఒద్దిక ముఖ్యం. మన కబడ్డీలో గొలుసు పట్టేటప్పుడు ఒకడు అర అడుగు ముందుకేస్తే రైడర్ ఆ సందులోంచే జారిపోతాడు చూడండి, ఇక్కడా అంతే. స్నాప్‌కి ముందు, అంటే బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టే ముందు, ఎదుటివాళ్లు అటూ ఇటూ మారినప్పుడు వరుస నడుమ ఉండే సెంటర్ ఒక మాట అరుస్తాడు, పక్కవాడు ఇంకొకడికి అందిస్తాడు. రెండు సెకన్లలో ఐదుగురికీ ఒకే బొమ్మ కనపడాలి. కలిసి ఆడగా ఆడగా వచ్చేది తప్ప జిమ్‌లో వచ్చేది కాదు. మావాడు రాత్రి వేళ్లకున్న టేపు విప్పుకుంటూ ఆ పిలుపులు పాఠంలా వల్లె వేస్తుంటాడు.

అలాగని నేను దిగులు పడటం లేదు. ట్రెవర్ గూస్బీ కొత్తవాడేం కాదు. గత డిసెంబర్‌లో మన కాన్ఫరెన్స్ (మనం ఆడే లీగ్) ఎస్‌ఈసీ ఫైనల్లో బ్యాంక్స్ స్థానంలో జార్జియా మీద లెఫ్ట్ ట్యాకిల్‌గా, అంటే వరుసలో ఎడమ చివర ఆడాడు. ఆ మ్యాచ్‌ని అతని పాదాల మీదే కళ్లు పెట్టి రెండుసార్లు చూశాను. తొందరపడడు, ఎదుటివాడు మీదకి వచ్చేదాకా ఆగుతాడు. కోల్ హట్సన్ అయితే 2022లో ఫ్రెష్‌మన్‌గా (మొదటి ఏడాది విద్యార్థిగా) ఉన్నప్పుడే స్టార్టర్. పైగా లైన్ కోచ్ కైల్ ఫ్లడ్ ఉన్నాడు. కుర్రాళ్లను పెంచడంలో ఆయన మీద నాకు నమ్మకం ఉంది.

నా భయం అంతా తేదీ గురించే. ఇలాంటి లైన్ కుదురుకోవడానికి నాలుగైదు మ్యాచ్‌లు కావాలి. మనకి మొదటి మ్యాచే ఒహాయో.

యూటీ_సోఫమోర్

స్టూడెంట్ సెక్షన్ నుంచి రాస్తున్నా. గత ఏడాది హోమ్ గేమ్స్ ఒక్కటి కూడా వదల్లేదు.

సెప్టెంబర్ 14, యూటీఎస్ఏ మ్యాచ్. ఎవర్స్‌కి దెబ్బ తగిలి ఆర్చ్ లోపలికి వచ్చాడు. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. వచ్చీ రాగానే మొదటి పాసే టచ్‌డౌన్, అంటే బంతి గోల్ లైన్ దాటింది. ఆ తర్వాత తనే బంతి పట్టుకుని 67 యార్డ్స్ పరుగు. నా పక్కనున్న అమ్మాయి ఏడ్చేసింది, నిజంగా. 56-7తో గెలిచాం.

కానీ నేను చెప్పాలనుకున్నది తర్వాతి వారం గురించి. లూసియానా మన్రో మీద అతని మొదటి స్టార్ట్. స్కోరు 51-3 కాబట్టి ఎవరికీ గుర్తులేదు గానీ, ఆ రోజు 29 పాసుల్లో 15 మాత్రమే అందాయి, రెండు ఇంటర్సెప్షన్లు, అంటే ఎదుటివాళ్లు పట్టేశారు. ప్రతిసారీ పెద్ద పాస్ కోసం చూస్తూ బంతిని చేతిలో ఎక్కువసేపు ఉంచుకున్నాడు. మరో వారానికి మిసిసిపీ స్టేట్ మీద 31కి 26, 325 యార్డ్స్. ఏడు రోజుల్లో అంత మార్పు. దగ్గరున్నవాడికి అందించేసి ముందుకెళ్లడం నేర్చుకున్నాడు.

కాబట్టి కొలంబస్‌లో తడబడితే నేనైతే కంగారుపడను. ఈ కుర్రాడు తప్పు చేస్తాడు, దిద్దుకుంటాడు. నేను కళ్లారా చూశాను. పాసులు అందుకునే రిసీవర్లలో గోల్డెన్ లేడు కానీ ర్యాన్ వింగో, డియాండ్రే మూర్ ఉన్నారు. కాలిఫోర్నియా నుంచి టైట్ ఎండ్ జాక్ ఎండ్రీస్ వచ్చాడు. బంతి అందించడానికి మనుషులకు కొదవ లేదు.

సికింద్రాబాద్_టు_డెంటన్

అన్నా, నేను ఎంఎస్‌కి వచ్చి ఏడాది అయింది. రూమ్మేట్స్ వల్ల గత సీజన్ నుంచే చూడటం మొదలుపెట్టా. ఒక డౌట్. ఒహాయో మీద ఓడిపోతే ఇక టైటిల్ ఛాన్స్ పోయినట్టేనా?

బెజవాడ_బర్న్ట్‌ఆరెంజ్

లేదు తమ్ముడూ. ఒకప్పుడు అలాగే ఉండేది, ఒక్క ఓటమితో తల పట్టుకునేవాళ్లం. ఇప్పుడు టైటిల్ తేల్చే ప్లేఆఫ్‌కి 12 జట్లు వెళ్తాయి. కాన్ఫరెన్స్ ఛాంపియన్లలో మెరుగైన ఐదు జట్లకి చోటు ఖాయం, మిగతా ఏడు ర్యాంకును బట్టి. ఈ ఏడాది నుంచి మొదటి నాలుగు ర్యాంకుల వాళ్లకే మొదటి రౌండ్ ఆడనక్కర్లేకుండా నేరుగా క్వార్టర్ ఫైనల్. గత ఏడాది మనం జార్జియా చేతిలో రెండుసార్లు ఓడి కూడా సెమీస్‌కి వెళ్లాం. ఒహాయో వాళ్లు ఆరెగాన్ మీద, సొంతగడ్డపై మిషిగాన్ మీద ఓడి కూడా కప్పు ఎత్తారు. మొదటి మ్యాచ్ ఓడితే బాధ ఉంటుంది, దారి మాత్రం మూసుకుపోదు.

కొలంబస్_కోనసీమ

ఇక్కడ తొమ్మిదేళ్ల నుంచి ఉంటున్నాను. మా వీధిలో ప్రతి ఇంటి ముందూ ఎర్ర జెండానే. నేనూ ఒహాయో అభిమానినే, కానీ మీ చర్చ చదివాక నాకు తెలిసింది చెప్పాలనిపించింది.

మా వాళ్లలో 14 మంది డ్రాఫ్టుకి వెళ్లారు. సాయర్ లేడు, క్వార్టర్‌బ్యాక్ హోవర్డ్ లేడు. కొత్త క్వార్టర్‌బ్యాక్ ఎవరో కోచ్ ఇంకా ప్రకటించలేదు. డిఫెన్స్ కోచ్‌గా మ్యాట్ పాట్రీషియా కొత్తగా వచ్చాడు. కాబట్టి కొత్తదనం మీ ఒక్కరికే కాదు. అయితే రిసీవర్ జెరమయా స్మిత్, డిఫెన్స్‌లో కేలెబ్ డౌన్స్ ఉన్నారు, ఇద్దరూ మ్యాచ్ తిప్పేయగలరు.

ఇక చప్పుడు సంగతి. ఒహాయో స్టేడియం గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది, లక్షమందికి పైగా కూర్చుంటారు. మూడో డౌన్ వచ్చిందంటే పక్కనున్న మా ఆవిడ ఏమంటోందో నాకు వినపడదు. గుంటూరు గార్డ్ గారు చెప్పిన ఆ సెంటర్ పిలుపులు ఇక్కడ గాల్లో కలిసిపోతాయి. సైగలతోనే నడిపించుకోవాలి. కొత్త లైన్‌కి అది చాలా కష్టం.

ఓరుగల్లు_2005

కొలంబస్ అనగానే నాకు ఇరవై ఏళ్లు వెనక్కి పోయినట్టుంది. 2005 ఆగస్టులో యూటీలో ఎంఎస్ చేరాను. సెప్టెంబర్ 10 రాత్రి రివర్‌సైడ్ అపార్ట్‌మెంట్‌లో ఏడుగురం ఒక చిన్న టీవీ ముందు. ఆటేంటో సగం మందికి తెలియదు. మ్యాచ్ చివర్లో మన క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్ ఎండ్‌జోన్‌లోకి (గోల్ లైన్ అవతలికి) విసిరిన బంతిని లైమస్ స్వీడ్ వెనక్కి పడిపోతూ పట్టుకున్నాడు. కొలంబస్‌లో 25-22. పై అంతస్తువాళ్లు గంతులేస్తుంటే మా సీలింగ్ ఊగింది. ఆ జనవరిలో రోజ్ బౌల్‌లో యూఎస్‌సీని 41-38తో కొట్టాం. మరుసటి రాత్రి చలిలో నడుచుకుంటూ వెళ్లి నారింజ రంగులో వెలుగుతున్న క్యాంపస్ టవర్‌ని, దాని కిటికీల్లో కనపడే 1 అంకెని చూసి వచ్చాను.

అందరికీ విన్స్ గుర్తున్నాడు. అతని ముందు వరుసలో జస్టిన్ బ్లాలాక్, జోనథన్ స్కాట్ ఉన్నారన్నది కూడా మరవకూడదు. ఇద్దరూ ఆలిండియా ర్యాంకర్ల లాంటివాళ్లు, అంటే ఆల్ అమెరికన్లు.

ఇంకో మాట. 2009 సీజన్ ఫైనల్లో అలబామా మీద మన క్వార్టర్‌బ్యాక్ కోల్ట్ మెకాయ్ భుజం మొదటి డ్రైవ్‌లోనే, అంటే మొదటిసారి బంతితో ముందుకెళ్తుండగానే పోయింది. తర్వాతంతా ఒక ఫ్రెష్‌మన్ లాక్కొచ్చాడు, 37-21తో ఓడాం. ఆ రాత్రి నుంచి ఏ సీజన్ అయినా నేను ముందు చూసేది రెండో క్వార్టర్‌బ్యాక్ ఎవరని. ఈసారి ట్రాయ్ నుంచి మ్యాథ్యూ కాల్డ్‌వెల్‌ని తెచ్చారు. కాలేజీ మ్యాచ్‌లు ఆడినవాడు. మంచి పని చేశారు.

ఆగీ_అనంతపురం (కాలేజ్ స్టేషన్)

నేను ఎదుటి పక్షం, టెక్సస్ ఏ అండ్ ఎం (ఆగీస్) అభిమానిని, మన్నించండి. పీహెచ్‌డీ ఇక్కడే. గత నవంబర్ 30న మా స్టేడియం కైల్ ఫీల్డ్‌లో ఉన్నాను. 2011 తర్వాత మొదటిసారి రెండు జట్లూ తలపడిన రోజు. 17-7తో మీరే గెలిచారు.

పెద్దన్న గారు ఒక్క గజం గురించి రాశారు కదా, మా ఒక్క గజం కూడా వినండి. నాలుగో క్వార్టర్‌లో మాది నాలుగో డౌన్, గోల్‌కి ఒక్క గజం. మా రన్నింగ్ బ్యాక్ బంతితో ముందుకొచ్చాడు. మీ డిఫెన్సివ్ లైన్ గోడ కట్టింది. ఆ గోడ నేను కూర్చున్న చోటికి స్పష్టంగా కనపడింది. ఆ ఏడాది ఆ గోడకి నడుమ ఉన్న ఆల్ఫ్రెడ్ కాలిన్స్, వెర్నన్ బ్రాటన్ ఇద్దరూ ఎన్ఎఫ్ఎల్‌కి వెళ్లిపోయారు. మీరంతా ఆఫెన్సివ్ లైన్ గురించే మాట్లాడుతున్నారు. నేనైతే డిఫెన్స్ నడిమి గురించి కూడా అడుగుతాను. నవంబర్ 28న ఆస్టిన్ వచ్చేటప్పుడు మేం అక్కడే నెట్టి చూస్తాం.

గుంటూరు_గార్డ్

అనంతపురం తమ్ముడు చెప్పింది నిజం, నేను వదిలేశాను. అందుకే ఆటగాళ్లు కాలేజీ మారే పోర్టల్‌లో అక్కడికే ఎక్కువమందిని తెచ్చారు. నార్త్ కరోలినా నుంచి ట్రావిస్ షా, పర్డ్యూ నుంచి కోల్ బ్రెవార్డ్, ఒహాయో స్టేట్ నుంచే హీరో కాను. అయితే అంచున కాలిన్ సిమన్స్ ఉన్నాడు, ఫ్రెష్‌మన్ ఏడాదిలోనే 9 శాక్స్, అంటే క్వార్టర్‌బ్యాక్‌ని బంతితో ఉండగానే పడగొట్టడం. మధ్యలో ఆంథనీ హిల్, వెనక మైఖేల్ టాఫ్. స్కాలర్‌షిప్ లేకుండా వచ్చి కెప్టెన్ స్థాయికి ఎదిగిన టాఫ్ ఆట మావాడికి ప్రాణం. డిఫెన్స్ ఈ జట్టుని నిలబెడుతుంది, ఆ ధైర్యం నాకుంది.

ఫ్రిస్కో_శనివారం

క్యాలెండర్ ఒకసారి చూడండి. సెప్టెంబర్ 20న శామ్ హ్యూస్టన్ మ్యాచ్ తర్వాత మళ్లీ మన స్టేడియంలో ఆడేది నవంబర్ 1న వాండర్‌బిల్ట్‌తో. మధ్యలో ఫ్లోరిడా వాళ్ల ఊళ్లో, ఓక్లహోమా డల్లాస్‌లో, కెంటకీ, మిసిసిపీ స్టేట్ మళ్లీ వాళ్ల ఊళ్లలో. వరుసగా నాలుగు శనివారాలు సూట్‌కేసుల మీదే బతకాలి. ఆర్నెల్లుగా వారం వారం ప్రయాణం చేసే కన్సల్టెంట్‌ని, మూడో వారానికి ఒళ్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇరవై ఏళ్ల కుర్రాళ్లకి క్లాసులు కూడా ఉంటాయి.

నాకు ఒహాయో కన్నా అక్టోబర్ 4 ఫ్లోరిడా మ్యాచే భయం. ఒహాయోకి అందరూ సిద్ధపడతారు. ఫ్లోరిడాని తేలిగ్గా తీసుకుని వారం తర్వాత వచ్చే ఓక్లహోమా మీద మనసు పెడతారేమో అని. ఓక్లహోమా మ్యాచ్‌కి నేను ఏటా వెళ్తాను. స్టేడియం సరిగ్గా మధ్యకి చీలి సగం ఎరుపు, సగం నారింజ. పోయినేడు 34-3.

కిక్కర్ సంగతీ ఎవరూ అనలేదు. గత ప్లేఆఫ్ క్వార్టర్ ఫైనల్ పీచ్ బౌల్‌లో అరిజోనా స్టేట్ మీద చివరి రెండు నిమిషాల్లో రెండు కిక్కులు పోయాయి. నాలుగో డౌన్, 13 యార్డ్స్‌ ఉండగా గోల్డెన్ ఆ పాస్ పట్టకపోతే అక్కడే ఇంటికి వచ్చేసేవాళ్లం. ఈసారి టెక్సస్ స్టేట్ నుంచి మేసన్ షిప్లీ వచ్చాడు. కీలక సమయంలో అతని కాలు నిలకడగా ఉంటే మనకి ఒక మ్యాచ్ అదనంగా గెలిచినట్టే.

బెజవాడ_బర్న్ట్‌ఆరెంజ్, ఆగస్టు 14

అందరివీ రెండుసార్లు చదివాను. నా అంచనా 10-2, అంటే పది గెలుపులు, రెండు ఓటములు. ఒహాయో మీద దగ్గరగా వచ్చి ఓడతాం, ఫ్లోరిడా, జార్జియాల్లో ఒకచోట తగులుతుంది. ప్లేఆఫ్‌కి వెళ్తాం. డిసెంబర్‌కి ఈ లైన్ వేరే లైన్ అవుతుంది. అప్పుడు మనల్ని ఎదుర్కోవడానికి ఎవరైనా ఆలోచించుకోవాలి.

మ్యాచ్ మనకి పొద్దున 11కి, విజయవాడలో రాత్రి తొమ్మిదిన్నర. నాన్న మేల్కొని చూస్తానన్నారు. గార్డ్ గారూ, మ్యాచ్ అయ్యాక మొదటి పోస్టు మీదే రావాలి.

గుంటూరు_గార్డ్

తప్పకుండా. మొదటి మూడు డ్రైవ్‌లు బంతి వైపు చూడను. గూస్బీ ఎడమ పాదం, హట్సన్ తల ఎటు తిరుగుతోందో అదే చూసి రాస్తా. మావాడు పక్కన కూర్చుని నోట్సు తీసుకుంటానన్నాడు.

కొలంబస్_కోనసీమ

ఆ రోజు ఇక్కడికి వచ్చేవాళ్లుంటే ముందే చెప్పండి. పొద్దున ఎనిమిదింటికి మా ఇంట్లో ఇడ్లీలు తిని కలిసే బయలుదేరదాం, మ్యాచ్ మాకు మధ్యాహ్నం 12కి. నారింజ చొక్కా వేసుకుని వచ్చినా తలుపు తీస్తాం.