బోల్టు తల మీద "టీవీఎస్ 10.9" ఉంటే 8.8 వేయొచ్చా?

ప్రశ్న: కల్టివేటర్ పాత బోల్టు తల మీద టీవీఎస్, 10.9 అని ఉంది. షాపులో 8.8 ఇచ్చి "సైజు ఒకటే, సరిపోద్ది" అంటున్నారు. వేయొచ్చా అన్నా?

— వేయొద్దు తమ్ముడూ. అక్షరాలు కంపెనీ గుర్తు. టీవీఎస్ అంటే సుందరం ఫాస్టెనర్స్. అంకెలు బలం. 10.9 తెగే బలం 1000 మెగాపాస్కల్ (బలం కొలిచే యూనిట్), అందులో 90 శాతం దగ్గర సాగుతుంది. 8.8 అయితే 640కే సాగుతుంది. సాగితే బిగింపు పోయి, ఊగి ఊగి తెగుతుంది.

— నట్టు కూడా 10 గ్రేడే తీసుకోండి, లేదంటే థ్రెడ్ పోతుంది. అంకె ఉండి కంపెనీ గుర్తు లేని బోల్టు మాత్రం నేను కొనను. బోల్టుల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 898-1 ప్రకారం రెండూ ఉండాలి. తుప్పు పడితే వైర్ బ్రష్‌తో రుద్ది సుద్ద పూయండి, అక్షరాలు తేలతాయి.

— అంకెల బదులు గీతలుంటే అమెరికా పద్ధతి: మూడు గీతలు గ్రేడ్ 5, ఆరు గ్రేడ్ 8. అంగుళాల థ్రెడ్ కదా, ఎంఎం నట్టు ఎక్కించకండి.