జయలలిత గారు ఆసుపత్రిలో ఉండగా ఆమె పాలనలోని తప్పుల గురించి రాయొచ్చా?

అందరికీ నమస్కారం. మాది చెన్నై. మా తెలుగు సంఘం పత్రికకి జయలలిత గారి పాలన మీద ఒక పేజీ రాసిస్తానని ఒప్పుకున్నాను. ఈలోగా ఈ ఏడాది (2016) సెప్టెంబర్ 22న ఆమె ఆసుపత్రిలో చేరారు. నెల దాటింది. మా వీధి గుడిలో రోజూ ఆమె పేరున పూజలే.

అమ్మ క్యాంటీన్‌లో రూపాయికే ఇడ్లీ, ఆడశిశువుల్ని చంపొద్దు, మాకివ్వండి అంటూ 1992లో సేలంలో మొదలుపెట్టిన ఉయ్యాల పథకం, ఇవి రాయడం తేలికే. మరి 2003లో సమ్మె చేసిన లక్షన్నరకు పైగా ఉద్యోగుల్ని ఒక్కసారిగా తీసేయడం? అక్రమాస్తుల కేసులో 2014లో నాలుగేళ్ల శిక్ష పడింది, 2015లో హైకోర్టు కొట్టేసింది, అప్పీలు ఈ 2016లో ఇంకా సుప్రీంకోర్టులోనే ఉంది. ఇవన్నీ వదిలేస్తే అబద్ధం రాసినట్టే కదా.

మా అమ్మేమో "మంచం మీదున్న మనిషి తప్పులు లెక్కపెడతావా" అని బాధపడుతోంది. ఆ మాట తీసిపారేయలేకపోతున్నాను.

మీరైతే రాస్తారా, ఆమె కోలుకునే దాకా ఆగుతారా? 1984లో అప్పటి ముఖ్యమంత్రి ఎంజీఆర్ గారు వైద్యానికి అమెరికా వెళ్ళినప్పుడు పత్రికలు ఎలా రాశాయో గుర్తున్న పెద్దలుంటే దయచేసి చెప్పండి. ఆదివారానికల్లా ఇచ్చేయాలి, చాలా టెన్షన్‌గా ఉంది.