అప్‌డేట్: 70-200 లెన్స్ మార్చలేదు

గుర్తుందా, నా కెనాన్ 70-200 ఎఫ్/2.8 జూమ్ లెన్స్ రెండో వెర్షన్ (2010 నాటిది) ఫోకస్ తప్పుతోంది, అమ్మేసి 2018లో వచ్చిన మూడోది కొనాలా అని అడిగాను. "ముందు పక్కపక్కన పెట్టి తీసి చూడు" అన్నవాళ్లకి దండం.

తెలిసినాయన దగ్గర మూడోది రెండు రోజులు అరువు తెచ్చాను. ట్రైపాడ్ మీద, 200 ఎంఎం జూమ్ దగ్గర, లెన్స్ పూర్తిగా తెరిచి (ఎఫ్/2.8లోనే) తీసి వంద శాతం జూమ్ చేసి చూస్తే ఏది దేనిదో నేనే పోల్చుకోలేకపోయాను. పోల్చుకోలేం కూడా. లోపలి గాజు అమరిక రెండిట్లోనూ ఒకటే, మారింది గాజు మీది పూతలే. ఎదురెండలో మాత్రం తేడా కనిపించింది: సూర్యుడు ఫ్రేమ్ అంచున ఉంటే నాదాంట్లో నలుపు కాస్త పాలిపోతోంది, కొత్తదాంట్లో నిలబడుతోంది. నేను ఎదురెండలో తీసేదే తక్కువ.

మరి ఫోకస్ సంగతా? చెప్పాలంటే సిగ్గుగా ఉంది. కంటి మీద ఫోకస్ పెడితే ముక్కు కొస షార్ప్‌గా వస్తోందన్నాను కదా, అరువు లెన్స్‌తోనూ అచ్చం అలాగే వచ్చింది! అప్పుడు వెలిగింది. ఎప్పుడో వేరే లెన్స్ కోసం కెమెరాలో మైక్రో అడ్జస్ట్‌మెంట్ (ఫోకస్‌ని కాస్త ముందుకో వెనక్కో జరిపే సెట్టింగ్) మైనస్ 6 పెట్టి, అంటే ఫోకస్ ముందుకి జరిపి, అది అన్ని లెన్సులకీ వర్తించేలా వదిలేశాను. సున్నా చేశాను, కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు ఇప్పుడు.

పాతదే ఉంచుకుంటున్నాను. హుడ్ (లెన్స్ ముందు తగిలించే ఎండ తొడుగు) మాత్రం వదులైంది, అదొక్కటే మార్చాలి.