వెనక్కి పిలిచిన దగ్గు మందు మన ఇంట్లో ఉంటే చెప్పాల్సింది ఎవరు?

బ్రాడీపేట అమ్మ, గుంటూరు:

నా ప్రశ్న ముందే చెప్పేస్తాను. పిల్లల జలుబు, దగ్గు మందు అమ్మే ప్రతి షాపూ కొన్నవాళ్ల ఫోన్ నంబరు, సీసా బ్యాచ్ నంబరు రాసుకోవాలా? ఆ బ్యాచ్‌ని కంపెనీ వెనక్కి పిలిస్తే ఫోన్ చేసి చెప్పాలని చట్టం తేవాలా, అక్కర్లేదా? తేవాలనే నేనంటాను.

2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు మందు తాగి పిల్లలు చనిపోతున్నారని టీవీలో వచ్చింది. అప్పటికి మా పాపకి రెండేళ్లు నిండి నెల. రెండు రోజులుగా ఎర్ర సిరప్ పట్టిస్తున్నాను, వీధి చివర షాపులో అడిగి తెచ్చుకున్నదే. టీవీలో కోల్డ్‌రిఫ్ అన్నారు, ఎస్‌ఆర్-13 బ్యాచ్ అన్నారు. పరుగున వెళ్లి సీసా చూశాను. మందు కారీ కారీ లేబుల్ జిగురై సగం ఊడిపోయింది. పేరులో చివరి రెండక్షరాలు మిగిలాయి, బ్యాచ్ నంబరు ఉండాల్సిన చోట ఉత్త గాజు. అట్టపెట్టె ఎప్పుడో చెత్తబండిలో పోయింది. బిల్లు నేను అడగలేదు, వాళ్లు ఇవ్వలేదు.

షాపుకి వెళ్తే "అట్లాంటి సరుకేదీ మా దగ్గర లేదమ్మా" అన్నారు. వాళ్ల దగ్గర లేదు సరే, నా దగ్గర ఉందా? ఆ రాత్రీ మర్నాడు రాత్రీ పాప ఎన్నిసార్లు ఒంటేలు పోసుకుందో లెక్కపెడుతూ మంచం పక్కన కూర్చున్నాను. మూడో రోజు పక్కింటి పిన్నిగారు అదే షాపులో కొన్న అదే సీసా తెచ్చి చూపిస్తే అది వేరే కంపెనీదని తేలింది. ఆ రెండు రాత్రులూ ఏ తల్లికీ రాకూడదనే ఇక్కడ అడుగుతున్నాను.

కొత్తపేట మందుల షాపు, గుంటూరు:

అమ్మా, మీ భయం అర్థమైంది. నాకూ మనవరాలుంది. కానీ మా పని ఎట్లా నడుస్తుందో కూడా వినండి.

ఏదన్నా బ్యాచ్ వెనక్కి పంపమంటే డిస్ట్రిబ్యూటర్ దగ్గర్నుంచి కబురొస్తుంది. ర్యాకులో ఆ బ్యాచ్ సీసాలన్నీ ఏరి, పెట్టెలో కట్టి, రిటర్న్ రాసి పంపేస్తాం. ప్రాణం మీదికి తెచ్చే మందైతే దాన్ని ఒకటో తరగతి రీకాల్ అంటారు. ఎక్కువలో ఎక్కువ 72 గంటల్లో అమ్మకం ఆగిపోవాలని కేంద్రం మార్గదర్శకాల్లో ఉంది. మా వరకు ఆపుతున్నాం. అప్పటికే అమ్ముడుపోయిన సీసా ఎవరింట్లో ఉందో మాకెట్లా తెలుస్తుంది?

ఇక్కడ ఆస్పత్రుల మధ్య షాపు. సాయంత్రం ఆరు దాటితే కౌంటర్ దగ్గర ఊపిరాడదు. ఒక్కో సీసాకి పేరు, నంబరు, బ్యాచ్ రాస్తూ కూర్చుంటే వెనకాల నెబ్యులైజర్ మందు కోసం నిలబడ్డవాడు ఏమవ్వాలి? తప్పు నంబరు ఇచ్చినవాళ్ల బిడ్డకి ఏదన్నా అయితే ఫోన్ చేయలేదని కేసు నా మీదే పడుతుంది. కల్తీ చేసినవాడు ఎక్కడో ఉంటాడు, చేతికి దొరికేది నేను. దానికంటే డాక్టరు చీటీ లేకుండా పిల్లల సిరప్ అమ్మొద్దని గట్టి రూలు పెట్టమనండి, మొదట సంతకం నేనే పెడతాను.

సూర్యారావుపేట నర్సు, విజయవాడ:

షాపు అంకుల్ గారూ, చీటీ ఉండాలన్నమాట నిజమే. కానీ ఛింద్వాడాలో చాలామంది పిల్లలకి ఆ మందు డాక్టరు రాసిచ్చిందే. సీసాలో విషం ఉందని డాక్టరు చీటీ ఎట్లా కనిపెడుతుంది?

చీటీ వల్ల ఇంకో మేలుంది. చాలాసార్లు ఆ మందు అసలు అక్కర్లేదని తేలుతుంది. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన సిరప్‌ల మీద నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడొద్దని ముద్రించాలని 2023 డిసెంబరులోనే కేంద్రం చెప్పింది. ఛింద్వాడా తర్వాత ఇంకో సలహా వచ్చింది, రెండేళ్ల లోపు వాళ్లకి దగ్గు, జలుబు మందులు రాయొద్దనీ, ఐదేళ్ల లోపు మామూలుగా వద్దనీ. అయినా మా ఓపీకి వచ్చే తల్లుల్లో సగం మంది సంచిలోంచి సీసా తీసి "ఇది పట్టానండీ, తగ్గలేదు" అంటూనే కూర్చుంటారు. ఏడాది దాటిన బిడ్డకి పడుకునే ముందు అర చెంచా తేనె చాలు. ఏడాది లోపు తేనె కూడా పెట్టకూడదు.

బ్రాడీపేట అమ్మగారు ఒంటేలు లెక్కపెట్టడం సరైన పనే. ఆ విషం ముందు కిడ్నీల మీద పడుతుంది. వాంతులు, కడుపునొప్పి, ఆ తర్వాత ఒంటేలు తగ్గిపోతుంది. అది కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా సీసా చేత్తో పట్టుకునే ఆస్పత్రికి రావాలి.

సింగ్‌నగర్ అమ్మాయి, విజయవాడ:

ఫోన్ నంబరు రాయించుకోవడానికి నేను ఒప్పుకోను. మొన్న ఒక షాపులో బిల్లు కోసమని నంబరు ఇచ్చాను. రాత్రి పది దాటాక ఎవరో తెలియనివాడి మెసేజ్. ఆడవాళ్ల నంబరూ, పిల్లల జబ్బూ ఒకే కాగితం మీద షాపులో పడుండటం మంచిది కాదు.

ఇంకోటి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా సందులో మందుల షాపు సీలింగ్ ఫ్యాన్ దాకా మునిగింది. పుస్తకాలన్నీ బురదలో ముద్దయ్యాయి. ఆ పుస్తకాల్ని నమ్ముకుని బిడ్డని కాపాడుకోవాలా?

పటమట, రిటైర్డ్ క్వాలిటీ కంట్రోల్:

మందుల కంపెనీలో ఇరవై రెండేళ్లు పరీక్షల గదిలోనే పనిచేశాను. మీరంతా సీసా దగ్గర కొట్లాడుకుంటున్నారు. తప్పు జరిగింది డ్రమ్ము దగ్గర.

సిరప్‌లో మందు కరగడానికి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ లాంటివి వాడతారు. అవి డ్రమ్ముల్లో వస్తాయి. పిల్లల్ని చంపిన విషం, డైఇథలీన్ గ్లైకాల్ కూడా అట్లాగే చిక్కగా, తియ్యగా, రంగు లేకుండా ఉంటుంది. కంటితో, నాలుకతో తేడా పట్టలేం. ఫ్యాక్టరీ పనులకి వాడే చవక సరుకు మందుల డ్రమ్ములోకి చేరితే పట్టేది పరీక్ష ఒక్కటే. వచ్చిన ప్రతి డ్రమ్ములోంచీ నమూనా తీయాలి. పైన కట్టిన సర్టిఫికెట్ చూసి సంతకం పెట్టేస్తే అయిపోయినట్టే. ఆ విషం 0.1 శాతం దాటకూడదు. కోల్డ్‌రిఫ్ ఎస్‌ఆర్-13లో 48.6 శాతం ఉంది. అంటే దాదాపు సగం సీసా విషమే. కాంచీపురం జిల్లాలో తయారైంది. తమిళనాడు ల్యాబు నమూనా తీసుకున్నాక ఒక్క రోజులో ఫలితం తేల్చింది. ఒక్క రోజు పరీక్ష అది! తయారీ దగ్గరే చేసుంటే ఇరవైమందికి పైగా పిల్లలు బతికుండేవాళ్లు.

ఇది కొత్త విషం కూడా కాదు. 1937లో అమెరికాలో ఇదే వంద మందికి పైగా ప్రాణాలు తీసింది. 1986లో ముంబై జేజే ఆస్పత్రిలో 14 మంది. తర్వాత జమ్మూ వైపు ఉధంపూర్ జిల్లా పసివాళ్లు, 2022లో ఆఫ్రికాలోని గాంబియా పిల్లలు. గాంబియా తర్వాత, 2023 జూన్ 1 నుంచి, పై దేశాలకి పంపే దగ్గు మందుకి ముందే ల్యాబు పరీక్ష తప్పనిసరి చేశారు. మనవాళ్లు తాగే సీసాకి ఆ రోజు ఆ షరతు పెట్టలేదు. నా బాధ అదీ. అడిగితే దాని కోసం అడగండి. ఫోన్ నంబర్ల పుస్తకం కోసం కాదు.

మిర్చియార్డు హమాలీ, గుంటూరు:

సార్ చెప్పింది బాగుంది. మా సంగతి కూడా రాసుకోండి. యార్డులో ఘాటుకి మాకు దగ్గు తప్పదు, ఇంటికాడ పిల్లలకీ వస్తది. ఒకళ్లు సీసా కొంటే మూడిళ్లు తిరుగుద్ది. కొన్నోడికి ఫోన్ చేసి చెబితే మూడో ఇంట్లో ఉన్న సీసా సంగతి ఎవుడికి తెలుసుద్ది? మా అత్తగారి ఊళ్లో అయితే కిరాణా కొట్లోనే దగ్గు మందు దొరుకుద్ది. ఉప్పు, పప్పుతో పాటు సంచిలో వేస్తాడు. వాడు ఏ పుస్తకంలో రాస్తాడు?

పటమట, రిటైర్డ్ క్వాలిటీ కంట్రోల్:

తమ్ముడు మంచి మాట గుర్తుచేశాడు. వెయ్యి లోపు జనాభా ఉన్న ఊళ్లలో లైసెన్సు లేని కొట్టు కూడా దగ్గు మందు అమ్ముకోవచ్చని 1945 నాటి నిబంధనల్లో, షెడ్యూల్ కె కింద మినహాయింపు పెట్టారు. సిరప్‌లని అందులోంచి తీసేయాలన్న ప్రతిపాదన ఛింద్వాడా తర్వాతే వచ్చింది.

బ్రాడీపేట అమ్మ, గుంటూరు:

అందరివీ రెండుసార్లు చదివాను. ఫోన్ నంబరు సంగతిలో సింగ్‌నగర్ చెల్లి, యార్డు అన్న చెప్పింది నిజం. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పటమట బాబాయిగారూ, డ్రమ్ము దగ్గర పరీక్ష జరగాల్సిందే, కాదనను. కానీ ఆ పరీక్ష తప్పిన రోజున నా వంటగదిలో ఉన్న సీసాకి దారి ఏది? మీరెవరూ దానికి జవాబు చెప్పలేదు.

నేననేది ఇదీ. బ్యాచ్ నంబరు కాగితం మీద కాకుండా సీసా మీదే, ఊడిపోకుండా, ముసలమ్మకి కూడా కనిపించేటంత పెద్దగా ఉండాలి. పేరున్న 300 బ్రాండ్లకి 2023 ఆగస్టు నుంచి క్యూఆర్ కోడ్ పెట్టించారు కదా, పిల్లల సిరప్‌లన్నిటికీ పెట్టి, స్కాన్ చేస్తే ఆ బ్యాచ్ వెనక్కి పిలిచారో లేదో చూపించాలి. ఫోన్ లేనివాళ్ల కోసం షాపు బయట బోర్డు ఉండాలి. సరుకు రిటర్న్ చేసిన రోజే ఆ బ్యాచ్ నంబరు గుమ్మం దగ్గర రాసి పెట్టడానికి పుస్తకం అక్కర్లేదు, గుమాస్తా అక్కర్లేదు.

కొత్తపేట మందుల షాపు, గుంటూరు:

బోర్డు పెట్టగలను. చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు, షట్టర్ పక్కన ఖాళీ ఉంది. కాకపోతే ఒక భయం. బ్యాచ్ నంబరు చూడకుండా పేరు చూసి అదే కంపెనీ మందులన్నీ జనం తెచ్చి పడేస్తారు. మంచి బ్యాచ్‌ని డిస్ట్రిబ్యూటర్ వెనక్కి తీసుకోడు, ఆ నష్టం నాదే.

బ్రాడీపేట అమ్మ, గుంటూరు:

తెచ్చి పడేస్తే పడేయనివ్వండి అంకుల్. అనుమానం ఉన్న సీసా పిల్ల నోట్లోకి పోకుండా ఉంటుంది. ఆ నష్టం మీరొక్కరే భరించకూడదు, కంపెనీ చేతే కట్టించాలని రాతపూర్వకంగా అడుగుదాం. నేనూ సంతకం పెడతాను.

మిర్చియార్డు హమాలీ, గుంటూరు:

బోర్డు మీద మందు పేరు తెలుగులో రాయండి సార్. నంబరు మాత్రం సీసా మీద ఎట్టా ఉంటే అట్టాగే రాయండి, పక్కపక్కన పెట్టి పోల్చుకుంటాం. తాగేశాక ఏం చేయాలో కూడా కింద ఒక్క ముక్క రాయండి. మా వాడలో చదువొచ్చిన పిల్లలున్నారు, వాళ్లు చదివి ఇంటింటికీ చెబుతారు.