డూమ్ ఎటర్నల్‌లో తూటాలు ఎందుకు చాలడంలేదు?

తిరుపతి: అన్నా, 2016లో వచ్చిన డూమ్ వీడియో గేమ్‌లో షాట్‌గన్‌తోనే చానా దూరం నెట్టుకొచ్చేయొచ్చు. దాని తర్వాతి భాగం, 2020 ఎటర్నల్‌లో ఊరికే తూటాలు అయిపోతాయి. ఏంది తేడా?

చిత్తూరు: మొదట్లో షాట్‌గన్‌కు 16 తూటాలే పడతాయి తమ్ముడూ. పాతదాంట్లో మాదిరి అయిపోని పిస్టల్ కూడా లేదు. చైన్‌సా (మోటారు రంపం) దాచుకోవద్దు. దాని ఇంధనంలో ఒక గడి దానంతటదే నిండుతుంది. చిన్న దయ్యాన్ని కోస్తే తూటాలు రాలతాయి. నిప్పంటించి కొడితే కవచం, గ్లోరీ కిల్ (తూలిపోయే దయ్యాన్ని దగ్గరికెళ్లి చంపడం) చేస్తే ప్రాణం దొరుకుతాయి. ఈ లెక్క వంటబడితే పాతదానికన్నా ఇదే మేలు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతే భాగాలే అనవసరం.

శ్రీకాళహస్తి: కాకోడీమన్ అనే ఎగిరే దయ్యం నోట్లోకి గ్రెనేడ్ వెయ్. మింగి తూలిపోతుంది, వెంటనే గ్లోరీ కిల్ చెయ్యి. మరాడర్ అనే శత్రువును వాడి కళ్లు ఆకుపచ్చగా మెరిసినప్పుడే కాల్చాల. తొందరపడితే డాలు అడ్డం పెడతాడు.